చత్వారం వచ్చాక చదివే పాత నవల

చార్లెస్ డికెన్స్ రాసిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’లో జో గార్జెరీ అని ఒక కమ్మరి ఉంటాడు. కథ మొదట్లో అతనికి చదువు రాదు. తన ఇంట్లో పెరుగుతున్న పిల్లవాడు పిప్ పలక మీద ఉత్తరం రాసి చూపిస్తే, అందులో తన పేరులోని రెండు అక్షరాలు, ‘జె’, ‘ఓ’, మాత్రం గుర్తుపట్టి మురిసిపోతాడు. యాభై అధ్యాయాలు గడుస్తాయి. పిప్ లండన్‌లో జబ్బుపడి మంచానికి అంటుకుపోతే జో వచ్చి సేవ చేస్తాడు. ఒకరోజు అతను ఉత్తరం రాయడానికి కూర్చుంటాడు. ఊళ్ళో బిడ్డీ అనే అమ్మాయి అతనికి ఈలోగా రాయడం నేర్పింది. పళ్ళెంలో ఉన్న కలాల్లోంచి ఒకటి తీసుకోవడం పనిముట్ల పెట్టెలోంచి పెద్ద పనిముట్టు ఏరుకున్నట్టు ఉంటుంది. గడ్డపార ఎత్తబోయేవాడిలా చొక్కా చేతులు పైకి మడుస్తాడు. ఎడమ మోచెయ్యి బల్లకు గట్టిగా ఆనించి, కుడికాలు వెనక్కి చాపితే గానీ మొదటి గీత పడదు. మంచం మీద నుంచి చూస్తున్న పిప్‌కు సంతోషంతో కన్నీళ్ళు వస్తాయి.

పెద్దవయసులో చదువుకోవడం ఎలా ఉంటుందో ఇంత దగ్గరగా చూపించిన పేజీలు తక్కువ. కానీ నవలను కుదించి అచ్చువేసేటప్పుడు ముందుగా కత్తెర పడేది ఇలాంటి పేజీలకే. ఇక్కడ కథ ముందుకు కదలదు కదా. ఒక మనిషి ఉత్తరం రాస్తాడు, అంతే.

కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో కాలేజీ చదివిన చాలామందికి పంతొమ్మిదో శతాబ్దపు నవల తెలిసింది ‘నాన్‌డిటైల్’ రూపంలోనే. వంద పేజీలకు కుదించిన పుస్తకం, పక్కన గైడు, గైడులో కథాసంగ్రహం, నాలుగు పాత్రల మీద నాలుగు వ్యాసాలు. పరీక్ష అయిపోయాక పుస్తకం ఎక్కడికి పోయిందో ఎవరికీ గుర్తుండదు. తెలుగు మీడియం వాళ్ళకు ‘ఉపవాచకం’ పేరుతో జరిగిందీ ఇదే. ముప్ఫై, నలభై ఏళ్ళ తరవాత ఆ మనిషి మళ్ళీ నవల చదువుదామని తరగతికి వస్తే, ఆ నాన్‌డిటైల్ అలవాటు కూడా వెంట వస్తుంది. ‘కథ ఏమిటో ముందు చెప్పేయండి’ అన్నది దాదాపు మొదటి కోరిక. పెద్దలకు నవలలు బోధించాలంటే మొదట పని చెయ్యవలసింది ఈ కోరిక మీద.

ఇలాంటి తరగతికి వచ్చేవాళ్ళు ఒక తీరుగా ఉండరు. దూరవిద్యలో ఎం.ఏ. కట్టిన టీచర్లు, రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, పిల్లలు అమెరికా వెళ్ళిపోయాక మధ్యాహ్నాలు ఖాళీ అయిన గృహిణులు, ఇంగ్లీషు పట్టుబడాలని వచ్చే షాపుల గుమాస్తాలు, ఆటోనగర్‌లో లేత్ మెషీన్ మీద పనిచేసి సాయంత్రం చేతులు కడుక్కుని వచ్చే మెకానిక్కులు. వీళ్ళందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే: జీవితం తెలుసు, పుస్తకం చేతిలోకి తీసుకుని చాలాకాలమైంది. ఉపాధ్యాయుడు దీన్ని తలకిందులుగా చూస్తే తరగతి చెడుతుంది. అంటే, వీళ్ళకు పుస్తకం వెనక ఉన్న ప్రపంచం తెలియదు కాబట్టి ముందు విక్టోరియా కాలం గురించి రెండు వారాలు ఉపన్యాసం ఇవ్వాలనుకోవడం. మూడో వారానికి సగం కుర్చీలు ఖాళీ అవుతాయి.

నిజానికి ఆ ప్రపంచం వీళ్ళకు బాగా తెలుసు. ఆ శతాబ్దపు నవలలు ఎక్కువభాగం వేటి గురించి? ఆస్తి, పెళ్ళి, అప్పు, వీలునామా, పరువు, ఊరు వదిలి వెళ్ళిన కొడుకు. ఇరవై ఏళ్ళ విద్యార్థికి ఇవి వివరించాలి. యాభై ఏళ్ళ మనిషి వీటి మధ్యే బతికాడు.

జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (1813) సంగతే చూద్దాం. బెన్నెట్ గారికి ఐదుగురు ఆడపిల్లలు, ఏడాదికి 2,000 పౌండ్ల రాబడి ఉన్న ఎస్టేటు. మగపిల్లలు లేరు. ఆయన పోతే ఎస్టేటు మొత్తం కాలిన్స్ అనే దూరపు బంధువుకు పోతుంది. ఈ ఏర్పాటును కుర్రవాళ్ళ తరగతిలో అర్థం చేయించడానికి ఒక పీరియడ్ పడుతుంది. గుంటూరులో అరవై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకు ఒక్క వాక్యం చాలు. ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ 1986లో చట్టం వచ్చి, 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకు మాత్రం అది వర్తించలేదు. దేశమంతటికీ వర్తించే సవరణ రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. తరగతిలో కూర్చున్న పెద్దావిడ ఏ సంవత్సరంలో పెళ్ళి చేసుకుందన్న దాన్నిబట్టి ఆమెకు పొలం వచ్చిందా లేదా అన్నది తేలిపోయింది. బెన్నెట్ ఇంటి కథ ఆమెకు ఇంగ్లండ్ కథలా అనిపించదు.

అదే నవలలో కాలిన్స్ ఎలిజబెత్‌ను పెళ్ళికి అడుగుతూ ఆమె పేరున ఉన్న సొమ్మెంతో గుర్తుచేస్తాడు: వెయ్యి పౌండ్లు, నాలుగు శాతం వడ్డీకి, అదీ తల్లి పోయిన తరవాతే చేతికొస్తుంది. ఈ వాక్యం దగ్గర ఆగి లెక్క వేయించాలి. మన దగ్గర ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నెలకు నూటికి రెండు. కాలిన్స్ చెప్పేది ఏడాదికి నూటికి నాలుగు. మన భాషలో చెబితే ముప్ఫై మూడు పైసల వడ్డీ. ఏడాదికి నలభై పౌండ్లు. తండ్రి రాబడి రెండు వేలు ఉన్న ఇంట్లో పెరిగిన పిల్ల ఏడాదికి నలభైతో ఎలా బతుకుతుంది? ఈ లెక్క తేలాక బెన్నెట్ భార్యను చూసి నవ్వడం తగ్గుతుంది. విమర్శకులు ఆవిడను తెలివితక్కువ మనిషిగా చూడటం మామూలే. ఐదుగురు కూతుళ్ళకు సంబంధాలు వెతికిన తల్లి ఆవిడ టెన్షన్‌ను వేరుగా చదువుతుంది, ఆ చదువు తప్పు కాదు. ఆస్టిన్ ఆవిడను ఎగతాళి చేసిన మాట నిజమే. కానీ ఆవిడ భయానికి పుస్తకంలోనే ఆధారం ఉంది, అంకెలతో సహా.

డికెన్స్ నవల ఐదో అధ్యాయంలో సైనికులు చేతిసంకెళ్ళు పట్టుకుని కమ్మరి ఇంటికి వస్తారు. తాళం పట్టడం లేదు, రెండు సంకెళ్ళను కలిపే అతుకూ సరిగా పనిచేయడం లేదు. జో చూసి, గంట కాదు, రెండు గంటలకు దగ్గరగా పడుతుందంటాడు. సాహిత్య విద్యార్థికి ఇది కథలో ఒక చిన్న మలుపు. ఇనుముతో పనిచేసేవాడికి ఇందులో చెప్పవలసింది చాలా ఉంటుంది: కొలిమి రాజేయడానికి ఎంతసేపు, ఆ అతుకు మళ్ళీ వేయాలంటే ఏమేం చేయాలి, రెండు గంటలన్న అంచనా సరైనదేనా. దాగలి, సమ్మెట, తిత్తి లాంటి మాటలు తరగతిలోకి వచ్చేది ఆ మనిషి నోటివెంటే. ఆ రోజు అతను పాఠం చెబుతాడు, మిగిలినవాళ్ళు వింటారు. తనకు తెలిసిన పని ఒక గొప్ప పుస్తకంలో కొలత తప్పకుండా రాసి ఉందని చూసిన మనిషి ఆ పుస్తకాన్ని వదలడు.

ఇదే నవలలో ఇరవై ఏడో అధ్యాయం పెద్దల తరగతికి గుండెకాయ లాంటిది. డబ్బు చేతికొచ్చి, లండన్‌లో పెద్దమనిషిగా మారిన పిప్‌ను చూడటానికి జో ఊరి నుంచి వస్తాడు. కొత్త బట్టలు అతనికి ఇమడవు. టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక పొయ్యి మీది గట్టు చివర పెడతాడు, అది మాటిమాటికీ కింద పడుతూ ఉంటుంది. తను పెంచిన పిల్లవాణ్ణి ఒక్కోసారి ‘పిప్’ అంటాడు, వెంటనే సర్దుకుని ‘సార్’ అంటాడు. పిప్‌కు సిగ్గు, చిరాకు. చివరికి జోయే మర్యాదగా చెబుతాడు: మనిద్దరం లండన్‌లో కలిసి కనపడవలసినవాళ్ళం కాదు, నన్ను చూడాలనిపిస్తే కొలిమి దగ్గరికి రా, అక్కడ నాలో నీకు ఇంత తప్పు కనిపించదు అని.

కాలేజీ పిల్లలు ఈ అధ్యాయాన్ని పిప్ వైపు నుంచి చదువుతారు, ఎందుకంటే కథ చెప్పేది పిప్. తెనాలి, బాపట్ల, ఉయ్యూరు చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లల్ని హైదరాబాదుకూ అక్కణ్ణుంచి డల్లాస్‌కూ పంపినవాళ్ళు జో వైపు నుంచి చదువుతారు. కొడుకు ఫ్లాట్‌లో సోఫా మీద ఎలా కూర్చోవాలో తెలియని తండ్రి వాళ్ళకు తెలుసు. కొడుకు స్నేహితులు వచ్చినప్పుడు లోపలి గదిలోకి వెళ్ళిపోయిన తల్లి కూడా తెలుసు. అలాగని అందరూ జో పక్షమే అనుకోనక్కర్లేదు. తరగతిలో కొంతమంది ఒకప్పటి పిప్‌లు కూడా. పల్లె నుంచి వచ్చి, చదువుకుని, ఉద్యోగం చేసి, తండ్రి ఆఫీసుకు వచ్చిన రోజున ఎవరని చెప్పాలో తెలియక తడబడినవాళ్ళు. ఈ అధ్యాయం చదివిన రోజు వెంటనే చర్చ పెట్టకపోవడమే మంచిది. చదవడం అయ్యాక కొంతసేపు ఊరికే ఉండనివ్వాలి. మాట్లాడేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మాట్లాడతారు.

చరిత్ర అసలు వద్దని కాదు. అది వాళ్ళ నేలకు ముడిపడి, చిన్న చిన్న ముక్కలుగా రావాలి. ఆస్టిన్ నవల అచ్చయిన 1813లో అమరావతిలో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు ఇంకా బతికే ఉన్నాడు. గుంటూరు సీమను తుడిచిపెట్టిన నందన కరువు 1832–33లో వచ్చింది, అప్పటికి డికెన్స్ ఇరవై ఏళ్ళవాడు. విజయవాడ దగ్గర కృష్ణ మీద మొదటి ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ మొదటి భాగం పత్రికలో వచ్చేసరికి ఆ ఆనకట్ట వయసు ఐదేళ్ళు. ఇంతే చాలు. ‘అప్పుడు’ అంటే ఎప్పుడో మనసులో కుదురుకుంటుంది.

తెలుగు నవలల దగ్గరికి వస్తే కష్టం వేరే చోట ఉంది. నరహరి గోపాలకృష్ణమ చెట్టి ‘శ్రీరంగరాజ చరిత్రము’ 1872లో వచ్చింది. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878 నుంచి ఆయన పత్రిక ‘వివేకవర్ధని’లో వరసగా వచ్చి, 1880లో పుస్తకమైంది. అప్పటికి ‘నవల’ అన్న మాటే తెలుగులో లేదు, వీరేశలింగం తన పుస్తకాన్ని ‘వచన ప్రబంధం’ అన్నారు. గోల్డ్‌స్మిత్ నవల ఒకటి ఆయనకు స్ఫూర్తి అయినా, కథ మాత్రం ధవళేశ్వరంలో, గోదావరి ఒడ్డున మొదలయ్యే అచ్చమైన తెలుగింటి కథ. పొగిడేవాళ్ళను నమ్మి, ఆర్భాటపు ఖర్చులు చేసి, చివరికి బంగారం చేసిపెడతానన్న బైరాగి చేతిలో ఉన్నదంతా పోగొట్టుకున్న ఒక గృహస్థు రాజశేఖరుడు. పెద్దకూతురు రుక్మిణి భర్త చనిపోయాడని కబురు వస్తుంది. అది అబద్ధమని తెలిసేలోపల ఆ పిల్ల పడవలసిన కష్టమంతా పడుతుంది. సొమ్ము రెట్టింపు చేస్తామన్న స్కీముల్లో డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు ప్రతి వీధిలోనూ ఉన్నచోట బైరాగి గురించి వివరణ అక్కర్లేదు.

అడ్డుపడేది భాష. గ్రాంథికం, పొడవాటి వాక్యాలు, అరసున్నలు, సంధి కలిసిపోయి ఎక్కడ విరవాలో తెలియని మాటలు. డిగ్రీలున్నవాళ్ళు కూడా రెండో పేజీలో ఆగిపోతారు. ఇక్కడ గుంటూరు ప్రాంతపు తరగతిలో ఒక విశేషం ఉంది, దాన్ని గమనించని ఉపాధ్యాయుడు పెద్ద బలాన్ని వదులుకున్నట్టే. లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చాడు. అప్పటి నుంచి ఈ జిల్లాలో తరతరాలుగా బైబిలు చదువుతున్న కుటుంబాలు ఎన్నో. ‘ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను’ అన్న వాక్యం రోజూ చదివే మనిషికి ‘వచ్చెను’, ‘పోవలెను’, ‘చేయుచుండిరి’ కొత్త కాదు. పదో తరగతి దాటని ఒక చర్చి సంఘం పెద్దమ్మ వీరేశలింగం పేజీని తడుముకోకుండా గట్టిగా చదవగలదు, ఇంజనీరింగ్ చదివిన మనవడు చదవలేడు. భాగవతం పద్యాలు, హరికథలు వింటూ పెరిగినవాళ్ళకూ ఆ లయ చెవిలో ఉంటుంది. కాబట్టి తరగతిలో మొదట చదివే గొంతు ఉపాధ్యాయుడిది కానక్కర్లేదు. ఆ పాత తెలుగు ఎవరి నోట్లో ఇంకా బతికి ఉందో వాళ్ళది కావాలి.

చదవడం గట్టిగానే జరగాలి. సంధి కళ్ళకు ముడిలా కనిపించినా, నోటితో పలికితే ఎక్కడ విడిపోతుందో దానంతటదే తెలుస్తుంది. మొదటి వారం రెండు పేజీలు దాటకపోయినా నష్టం లేదు. మూడు నాలుగు వారాలకు నోరు అలవాటు పడుతుంది. వాడుకభాషలోకి మార్చిన ప్రతిని ముందే చేతికిస్తే ఈ అలవాటు ఎప్పటికీ పడదు. కష్టమైన వాక్యానికి వాడుకమాటలో అర్థం చెప్పుకోవడం వేరు, ఆ వాక్యాన్నే తీసేయడం వేరు.

ఈ నవలలు చాలావరకు గట్టిగా చదువుకోవడానికీ, వాయిదాల్లో చదువుకోవడానికీ పుట్టినవే. ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా వారపత్రికలో 36 భాగాలుగా వచ్చింది. దాస్తోయెవ్‌స్కీ ‘క్రైమ్ అండ్ పనిష్‌మెంట్’ 1866లో ఏడాది పొడవునా మాసపత్రికలో వచ్చింది. ఇది తెలుగు పాఠకులకు చెప్పవలసిన సంగతే కాదు. విజయవాడ నుంచి వచ్చే వారపత్రికల కోసం గుమ్మంలో ఎదురుచూసినవాళ్ళు, సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, పిన్నులు తీసి, ఏడాది చివర బైండు చేయించుకున్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ బైండు పుస్తకాలు ఏలూరు రోడ్డు పాత పుస్తకాల షాపుల్లో ఇప్పటికీ కనిపిస్తూ ఉంటాయి. వారం వారం ఆగి, ఈలోగా పక్కింటావిడతో కథ గురించి వాదించుకున్న ఆ అలవాటు నవల చదవడానికి కావలసిన అసలు శిక్షణ. నాన్‌డిటైల్ దాన్ని చెరిపేయలేదు, పక్కకు నెట్టింది.

అందువల్ల పుస్తకాన్ని మొదట అచ్చయిన వాయిదాల ప్రకారమే నడపడం మేలు. 36 భాగాలంటే 36 వారాలు. జూన్‌లో మొదలుపెడితే దసరా, సంక్రాంతి సెలవులు కలుపుకుని మార్చిలోపు పూర్తవుతుంది. ఒక్కో భాగం సుమారు ఐదు వేల మాటలు. నిదానంగా గట్టిగా చదివితే గంటలోపు అయిపోతుంది. తరగతిలో సగం చదివి, మిగతా సగం ఇంటికి ఇవ్వవచ్చు. ఇంగ్లీషు అంత ధాటిగా చదవలేనివాళ్ళకు ఒకరు చదివి రికార్డు చేసిన ఆడియో వాట్సాప్‌లో పంపితే, వంట చేస్తూనో బస్సులోనో వింటారు. చర్చ తెలుగులో జరగాలి. ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా తమకు తోచింది తెలుగులో చెప్పాక, అందులోంచి ఒక్క వాక్యం ఇంగ్లీషులో చెప్పడానికి ప్రయత్నిస్తే చాలు. మొత్తం చర్చ ఇంగ్లీషులోనే అంటే గదిలో ఇద్దరే మాట్లాడతారు.

వినడం చదవడం కన్నా తక్కువదన్న చిన్నచూపు ఒకటి ఉంది. క్యూబాలో హవానా నగరపు చుట్టల ఫ్యాక్టరీల్లో 1865 నుంచి పనివాళ్ళు ఒక మనిషిని పెట్టుకుని, పని చేస్తుండగా పత్రికలూ నవలలూ చదివించుకునేవారు. అతని జీతం తమ కూలిలోంచి ఇచ్చేవారు. డ్యూమా నవల ‘ది కౌంట్ ఆఫ్ మాంటెక్రిస్టో’ అక్కడ ఎంత ఇష్టమైందంటే, తరవాతి రోజుల్లో ఒక చుట్ట బ్రాండుకు ‘మాంటెక్రిస్టో’ అని పేరు పెట్టారు. గుంటూరులో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళు కూడా గంటల తరబడి కూర్చుని పనిచేస్తారు. చేతులకు తీరిక ఉండదు, చెవులకు ఉంటుంది. అలాంటి చోట వారానికి మూడు రోజులు అరగంట నవల చదివితే అది కూడా వయోజన విద్యే.

ఈ నేలకు ఇది పరాయి ఆలోచన కాదు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో బెజవాడలోనే పుట్టింది, అయ్యంకి వెంకటరమణయ్య కృషితో. పాతూరి నాగభూషణం 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పుస్తకం దగ్గరికి మనిషి రాలేకపోతే మనిషి దగ్గరికే పుస్తకం వెళ్ళాలన్నది ఆ పని వెనక ఉన్న నమ్మకం. ఇక అక్షరాలు కొత్తగా నేర్చుకున్న పెద్దలు కథను ఎంత గట్టిగా పట్టుకుంటారో చెప్పడానికి నెల్లూరు జిల్లా చాలు. సాక్షరతా ఉద్యమపు వాచకంలో సారా వల్ల కుటుంబం నాశనమైన సీతమ్మ కథ చదివిన ఆడవాళ్ళు, దూబగుంటలో మొదలుపెట్టి 1992లో రాష్ట్రాన్ని కదిలించే పోరాటం చేశారు. చదివింది తమ గురించేనని వాళ్ళకు ఎవరూ వివరించలేదు.

అనువాదాల గురించి ఒక మాట. మాస్కోలో అచ్చయిన రష్యన్ నవలల తెలుగు అనువాదాలు విజయవాడలో విశాలాంధ్ర వారి దుకాణంలో చవకగా దొరికిన రోజులు చాలామందికి గుర్తు. టాల్‌స్టాయ్‌ను ఇంగ్లీషులో కన్నా తెలుగులో ముందు చదివిన తరం అది. రష్యన్ నవల అనగానే పేర్లు భయపెడతాయి: ‘క్రైమ్ అండ్ పనిష్‌మెంట్’లో కథానాయకుడు ఒక్కడే, ఒక పేజీలో రోడియాన్ రొమానొవిచ్, ఇంకో పేజీలో రాస్కాల్నికోవ్, తల్లి ఉత్తరంలో రోద్యా. మనకు మాత్రం? ఇంటిపేరు ఒకటి, రికార్డుల్లో వెంకట సుబ్బారావు, ఊళ్ళో సుబ్బులు, అమ్మకు బుజ్జి. మధ్యలో వచ్చే ‘రొమానొవిచ్’ అంటే రొమాన్ కొడుకు అని చెప్పి, పిలిచే పేరును బట్టి పిలిచే మనిషి ఎంత దగ్గరివాడో తెలుస్తుందని చూపిస్తే భయం పోయి అదొక ఆసక్తి అవుతుంది.

పెద్దల తరగతిలో దాటవేయకూడనిది మరొకటి. ‘రాజశేఖర చరిత్రము’ ఒక బ్రాహ్మణ గృహస్థు ఇంటి చుట్టూ తిరిగే కథ. డికెన్స్ పిప్‌కు వచ్చిన సంపద న్యూ సౌత్ వేల్స్‌లో ఒక ప్రవాస ఖైదీ గొర్రెలు పెంచి కూడబెట్టినది, ఆ నేల అంతకుముందు ఎవరిదో నవల చెప్పదు. దళిత కవి జాషువా పుట్టిన ప్రాంతంలో కూర్చుని ఈ పుస్తకాలు చదివేవాళ్ళు ‘ఇందులో మావాళ్ళు ఎక్కడ?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నను ‘కాలం అలాంటిది’ అని కొట్టిపారేస్తే అడిగిన మనిషి మళ్ళీ నోరు విప్పడు. పుస్తకం ఎవరిని చూసింది, ఎవరిని చూడలేదు అన్నది ఆ పేజీల్లోనే వెతికి చూపించవచ్చు. ఎవరికి పేరుంది, ఎవరికి లేదు, ఎవరికి మాట్లాడే వాక్యాలు ఇచ్చారు. ఈ వెతుకులాట నవల మీద గౌరవం తగ్గించదు. జాగ్రత్తగా చదవడమంటే ఇదే.

చిన్న విషయాల్లా కనిపించేవి కొన్ని తరగతి బతుకుతుందా లేదా అన్నది తేలుస్తాయి. నలభై దాటితే చత్వారం వస్తుంది. చవక ప్రతుల్లో ఉండే చీమతలకాయంత అక్షరాలు చూసి ‘ఇది నావల్ల కాదు’ అనుకునేవాళ్ళకు నిజంగా అడ్డొచ్చింది కళ్ళు, తెలివి కాదు. వీరేశలింగం 1919లో, చిలకమర్తి లక్ష్మీనరసింహం 1946లో పోయారు. రచయిత పోయిన 60 ఏళ్ళకు కాపీరైటు ముగుస్తుంది కాబట్టి వీళ్ళ నవలల్ని పెద్ద అక్షరాలతో అచ్చు తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇక వేళ. గృహిణులకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, ఉద్యోగస్తులకు సాయంత్రం ఏడు తరవాత. గుంటూరులో మిర్చి సీజను నెలల్లో యార్డుతో సంబంధం ఉన్న మనిషి ఎవరూ రాలేరు. అప్పుడు వాయిదాలు ఆపడమో, ఆడియోతో సరిపెట్టడమో చెయ్యాలి. రెండు వారాలు రాని మనిషికి కథ అందించడానికి పక్క మనిషికే బాధ్యత ఇస్తే, ఆ చెప్పేవాడికి పుస్తకం ఇంకాస్త పట్టుబడుతుంది.

దూరవిద్య పరీక్ష రాయవలసినవాళ్ళ ఆందోళన తీసిపారేయదగ్గది కాదు, వాళ్ళకు మార్కులు కావాలి. అయితే 36 వారాలు పుస్తకంతో గడిపిన మనిషి పాత్ర చిత్రణ మీద వ్యాసం రాయడానికి గైడు తెరవనక్కర్లేదు. ఆఖరి నెలలో పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, తమకు తెలిసినదాన్ని పరీక్ష అడిగే ఆకారంలో పెట్టడం నేర్పితే సరిపోతుంది. ముందునుంచే పరీక్ష కోసం చదివిస్తే మాత్రం మళ్ళీ నాన్‌డిటైల్ దగ్గరికే చేరతాం.

ఆఖరి వారానికి డికెన్స్ నవలకు ఉన్న రెండు ముగింపులూ తెచ్చి చదవాలి. ఆయన ముందు రాసినదానిలో పిప్, అతను చిన్నప్పటి నుంచి ప్రేమించిన ఎస్టెల్లా లండన్ వీధిలో ఎదురుపడి, కాసేపు మాట్లాడుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. ఆమెకు అప్పటికే రెండో పెళ్ళయింది. మిత్రుడు బుల్వర్ లిట్టన్ మాట విని డికెన్స్ దాన్ని మార్చాడు. అచ్చయినదానిలో ఇద్దరూ పాత ఇల్లు ఉన్న చోట, పాడుబడ్డ తోటలో కలుసుకుని, చెయ్యీ చెయ్యీ పట్టుకుని బయటికి వస్తారు. మొదటి ముగింపు డికెన్స్ పోయాక, 1874లో, ఫార్స్టర్ రాసిన జీవితచరిత్రలో వెలుగు చూసింది. ఏది ముందుదో ఏది తరవాతదో చెప్పకుండా రెండూ చదివి, ఏది నిజమనిపిస్తుందో అడగాలి. పెళ్ళిళ్ళు ఎలా నడుస్తాయో, ఎలా విరుగుతాయో చూసినవాళ్ళ మధ్య ఆ వాదం ఒక్క సాయంత్రంతో తెమలదు. జో విషయంలో మాత్రం వాదానికి చోటు లేదు. రెండు ముగింపులకూ ముందు ఒకే పేజీ ఉంది. పదకొండేళ్ళ తరవాత పిప్ తిరిగొచ్చి వంటింట్లోకి తొంగిచూస్తాడు. జో తన పాత చోట, నిప్పు వెలుగులో కూర్చుని పైపు కాలుస్తుంటాడు. పక్కన బిడ్డీ. వాళ్ళ దగ్గర, ఒకప్పుడు పిప్ కూర్చున్న చిన్న పీట మీద, వాళ్ళ పిల్లవాడు, పేరు పిప్. వాడు పలక పట్టుకొస్తే అక్షరాలు చదివి చెప్పేవాళ్ళు ఈసారి ఇంట్లో ఇద్దరున్నారు.